ముందు ఏ చెల్క?

సమీకృత వాటర్‌షెడ్ యాజమాన్య కార్యక్రమం 2009లో మొదలైనప్పుడు మైదాన ప్రాంతాలకు హెక్టారుకు 12 వేల రూపాయల ఖర్చు పరిమితి పెట్టారు. ఎకరానికి చూస్తే ఐదు వేల లోపే. శిక్షణలు, సిబ్బంది, జీవనోపాధుల వాటా తీసేస్తే మట్టి పనులకు మిగిలేది అందులో దాదాపు సగం. ఆ సొమ్ముతో ఊళ్లో ప్రతి గెట్టునూ బాగుచేయడం అయ్యే పని కాదు. అందుకని తగాదా రాకుండా తలా కొంత పంచేస్తారు. ఇటు రెండు కందకాలు, అటు ఒక రాతికట్ట, రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడేలా ఒక చెక్‌డ్యామ్, దాని పక్కన ఒక బోర్డు. వాన నీరు బోర్డులు చదవదు.

ఆ పంపకానికి ముందే చేయాల్సిన పని ఒకటుంది. మీ వాగు పరీవాహకంలో మట్టి ఎక్కడి నుంచి ఎక్కువగా పోతోందో పటం గీయడం, ఆ పటం చూసి పనికి ఒక వరుస కట్టడం. పటం అనగానే అది హైదరాబాద్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ల పని అనుకోకండి. సగం పని కంప్యూటర్‌ది, మిగతా సగం మీ కాళ్లది. కాళ్ల సగం లేని పటాలే ఎక్కువ, గోడలకు వేలాడేవీ అవే.

ఉదాహరణకు డిండి వాగును తీసుకుందాం. ఎగువన పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలో దీన్ని దుందుభి అంటారు. కల్వకుర్తి ప్రాంతపు మెట్టల నీళ్లన్నీ కలుపుకొని నల్లగొండ జిల్లా అంచుకు వస్తుంది. అక్కడ హైదరాబాద్–శ్రీశైలం రహదారి పక్కన నిజాం కాలంలో, 1940లలో కట్టిన డిండి జలాశయం ఉంది. దాన్ని దాటాక ఒకవైపు అమ్రాబాద్ అడవి, మరోవైపు దేవరకొండ, చందంపేట తండాలు. చివరికి నాగార్జునసాగర్ వెనుక నీళ్లలో కృష్ణలో కలిసిపోతుంది. ఈ దారి పొడవునా ఎక్కువ భాగం గ్రానైట్ మీద పలచగా పరుచుకున్న ఎర్ర చెల్క, దుబ్బ నేలలు, పల్లాల్లో అక్కడక్కడ రేగడి. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన. నీళ్లు తక్కువ కదా, మట్టి ఏం కొట్టుకుపోతుంది అని ఒక అపోహ ఉంది. వాన మొత్తం తక్కువే కావచ్చు. కానీ అది నెలల తరబడి ముసురుగా కాక కొన్ని గంటల్లో కుండపోతగా దిగుతుంది, అదీ అప్పుడే దున్ని వదిలిన నేల మీద.

పోయే మట్టి ఎంతో ముందు చేతికి అందే కొలతలో పెట్టుకోవాలి. ఒక ఎకరం చెల్క మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోతే అది సుమారు 6 టన్నులు. అంటే దాదాపు రెండు ట్రాక్టర్ ట్రాలీలు. పొలం మీద మిల్లీమీటరు ఎవరి కంటికీ ఆనదు. రెండు ట్రాలీల మట్టిని ఎవడైనా రాత్రికి రాత్రి ఎత్తుకుపోతే మాత్రం పంచాయితీ పెడతాం. ధ్రువ నారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు 1983లో కట్టిన అంచనా ప్రకారం దేశం మొత్తం మీద సగటున ఏడాదికి హెక్టారుకు 16.4 టన్నుల మట్టి కదులుతోంది. ఇంచుమించు ఈ మిల్లీమీటరే. మూరెడు లోతులో మొరం తగిలే చెల్కకు ఇది చిన్న లెక్క కాదు. పైగా ముందుగా కొట్టుకుపోయేది సన్నటి మట్టి, సేంద్రియ పదార్థం, వాటిని అంటుకున్న ఎరువు. గరుసు వెనక ఉండిపోతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక రైతులు సొంత ఖర్చుతో చెరువు పూడిక మట్టిని ట్రాక్టర్ల మీద చేలకు తోలుకున్నారు. అది పైనుంచి దిగిన మట్టే. పోయినప్పుడు ఊరికే పోయింది, తిరిగి తెచ్చుకోవడానికి డీజిల్ పోయాల్సి వచ్చింది.

ఇక పటం. దాని వెనక ఉన్న లెక్క పాతది, సులువైనది. అమెరికాలో విష్‌మయర్, స్మిత్ అనే ఇద్దరు 1965లో పుస్తకంగా తెచ్చారు, 1978లో సవరించారు. ఐదు అంకెల్ని గుణిస్తే ఏడాదికి హెక్టారుకు ఎన్ని టన్నుల మట్టి పోతుందో వస్తుంది. వాన దెబ్బ ఒకటి, దాన్ని ఆర్ అంటారు. నేల ఎంత సులువుగా విడిపోతుందో చెప్పేది కె. వాలు ఎంత నిటారు, ఎంత పొడవు అన్నది కలిపి ఎల్‌ఎస్. నేల మీద కప్పు ఎంత అన్నది సి. దున్నకం, గట్లు, కందకాల వంటి అడ్డంకులు పి. తొమ్మిది శాతం వాలుతో 22.13 మీటర్ల పొడవున్న మడిని కొలబద్దగా పెట్టుకున్నారు, అక్కడ ఎల్‌ఎస్ ఒకటి. ఏ పంటా లేకుండా దున్ని వదిలేసిన నేలకు సి ఒకటి. దట్టమైన అడవిలో అది నూరో వంతుకు, ఇంకా కిందికి పడిపోతుంది.

ఈ ఐదింటిలో మొదటి రెండూ మీ చేతిలో లేవు. వానను ఆపలేరు, చెల్కను రేగడి చేయలేరు. మూడోదాంట్లో గుట్టను కిందికి దించలేరు కానీ నడుమ ఒక గట్టు వేసి వాలు పొడవును తుంచగలరు. చివరి రెండూ మాత్రం పూర్తిగా రైతు చేతిలోవి. అందుకే ఒక్క పటం కాదు, రెండు పటాలు గీయమంటాను. మొదటిదానికి ఆర్, కె, ఎల్‌ఎస్ మాత్రమే గుణించండి. ఆ నేలను నున్నగా దున్ని వదిలేస్తే ఎంత పోయేదో అది చెబుతుంది. రెండోదానికి సి, పి కూడా కలపండి. ఇప్పుడున్న తీరులో ఎంత పోతోందో అది చెబుతుంది. మట్టి ఎక్కువ పోయే చోటుకు ఎరుపు, తక్కువ పోయే చోటుకు పచ్చ రంగు వేయండి. మొదటి పటంలో ఎర్రగా, రెండో పటంలో పచ్చగా ఉన్న చోటు ఎవరో ఇప్పటికే కాపాడుతున్న నేల. అక్కడికి వెళ్లి నేర్చుకోండి, పైసలు పెట్టకండి. రెండింట్లోనూ ఎర్రగా ఉన్న చోట మీ పని ఉంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. వాన 700 మిల్లీమీటర్లు. ఆర్ కోసం మన దేశంలో ఎక్కువగా వాడే సూత్రం 1981 నాటిది: ఏడాది వానను 0.363తో గుణించి 79 కలపాలి. 333 వస్తుంది. ఇక్కడ చాలామంది జారిపడతారు. ఈ 333 పాత మెట్రిక్ ప్రమాణంలో ఉంటుంది. మీరు తీసుకున్న కె విలువ ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటే ఆర్‌ను 9.81తో గుణించాలి, అప్పుడు దాదాపు 3,270 అవుతుంది. మరిచిపోతే మట్టి నష్టం పదో వంతుకు పడిపోయి, జిల్లా అంతా పచ్చగా మెరిసిపోతుంది. అలా మెరిసే పటం కనిపిస్తే ముందు ప్రమాణాలు అడగండి. ఇప్పుడు కె 0.03, రెండు శాతం వాలున్న చెల్కకు ఎల్‌ఎస్ 0.2 అనుకుంటే మొదటి పటంలో 19.6 టన్నులు. పత్తి ఎడంగా వేసి వాలు వెంట దున్నితే, సి 0.5, పి 1 అనుకుందాం, 9.8 టన్నులు. అదే చేనులో సాళ్ల మధ్య కప్పు పెంచి సి 0.35కు, అడ్డంగా దున్ని పి 0.6కు తెస్తే నాలుగు టన్నుల పైచిలుకు. వానా మారలేదు, నేలా మారలేదు.

ఈ సమాచారం కోసం ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. ఎత్తుల పటం హైదరాబాద్‌లోని జాతీయ దూరస్పర్శ కేంద్రం నడిపే భువన్‌లో కార్టోశాట్‌ది దొరుకుతుంది. 30 మీటర్ల గడులు. నేల పటాలు నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థవి. పచ్చదనానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలున్నాయి, 10 మీటర్ల గడులు, ఉచితం. వీటన్నిటినీ కలిపి గుణించే క్యూజీఐఎస్ కూడా ఉచితమే. పాత రికార్డులతో పోల్చేటప్పుడు ఒక్క జాగ్రత్త: 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి. పాత పుస్తకంలో మహబూబ్‌నగర్ అని ఉన్న కల్వకుర్తి ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా. అందుకే హద్దును జిల్లాతోనో మండలంతోనో గీయకండి. నీటి మిట్ట వెంట గీయండి. ఈ వైపు పడ్డ చినుకు డిండికి, ఆ వైపు పడ్డది ఇంకో వాగుకు పోయే గీత అది. సి.హెచ్. హనుమంతరావు కమిటీ 1994లో చేసిన సిఫారసు తర్వాత మన దేశంలో సుమారు 500 హెక్టార్ల నీటి హద్దును పని యూనిట్‌గా పెట్టుకున్నారు. అది మనిషి నడిచి చూడగల సైజు.

పటం అబద్ధం చెప్పే చోట్లు

కంప్యూటర్ ఎర్రగా చూపించిందల్లా ఎరుపు కాదు. ఈ ప్రాంతంలో మొదటి మోసం గుట్టలది. నల్లగొండ, పాలమూరు మెట్టల్లో రాళ్లు పేర్చినట్టుండే గ్రానైట్ గుట్టలు ఎక్కువ. వాలు నిటారు కాబట్టి ఎల్‌ఎస్ ఎగబాకుతుంది, చెట్టు లేదు కాబట్టి సి కూడా. పటంలో గుట్ట ముదురు ఎరుపు. అక్కడికి పోతే ఉన్నది బండ. పోవడానికి మట్టే లేదు. కానీ కథ అక్కడితో అయిపోదు. బండ మీద పడ్డ నీరంతా ఇంకకుండా జర్రున కిందికి జారుతుంది. గుట్ట అంచున వాలు తక్కువగా ఉండి, పటంలో లేత పసుపులో కనిపించే చెల్క ఆ దెబ్బంతా తింటుంది. ఒర్రెలు పుట్టేది అక్కడే. ఎల్‌ఎస్‌ను ప్రతి గడికి విడిగా లెక్కేసే పద్ధతి ఈ పైనుంచి వచ్చే నీటిని చూడదు. అందుకే బండను పటంలోంచి తీసేయండి. దాని కింది అంచున ఉన్న చేలను ఒక మెట్టు పైకి జరపండి. ముందు ఏ చెల్క అని నన్నడిగితే చాలా ఊళ్లలో జవాబు ఇదే, గుట్ట కింది మొదటి చెల్క. మొదటి కందకం పడాల్సింది బండకూ ఆ చెల్కకూ మధ్య.

రెండోది తారీఖు మోసం. మబ్బులు లేని ఉపగ్రహ చిత్రం కావాలని అందరూ అక్టోబర్, నవంబర్ చిత్రం తీసుకుంటారు. అప్పటికి పత్తి సాళ్లు కమ్ముకొని చేనంతా పచ్చగా ఉంటుంది. సి తక్కువ వస్తుంది, పటం చల్లగా కనిపిస్తుంది. తొలకరి వాన పడ్డ జూన్‌లో అదే చేను బోడిగా ఉంది. పత్తి గింజ మొలిచి రెండాకుల మీద ఉన్నప్పుడు నేల మీద కప్పు లేనట్టే. ఎర్ర చెల్కకు ఇంకో గుణం కూడా ఉంది. గట్టి చినుకు పడగానే పైపొర మెదిగిపోయి, ఆరగానే బిగుసుకుంటుంది. తర్వాతి వాన ఇంకదు, పారుతుంది. కాబట్టి మే చివర, జూన్ మొదట తీసిన చిత్రంతో ఒక సి, ఆగస్టులో మబ్బు విడిచిన రోజు దొరికితే దాంతో ఒకటి, అక్టోబర్‌తో ఒకటి వేసి, ఏ నెలలో ఎంత గట్టి వాన పడుతుందో దాన్ని బట్టి కలపండి. శ్రమ ఎక్కువే. ఈ ఒక్క సవరణతో ఆముదం, పత్తి చెల్కల రంగు ఎంత మారుతుందో చూస్తే శ్రమ మరిచిపోతారు.

మూడోది, ఈ సమీకరణం ఒర్రెలను, వాగు ఒడ్డు కోతను లెక్కపెట్టదు. పొలం మీద పలచగా పారే నీరు, సన్న పాయలు కోసే మట్టి వరకే దాని చూపు. ఇసుక తవ్విన చోట ఒడ్డు కూలితే, రోడ్డు కల్వర్టు కింద నీరు ఒకచోటికి చేరి చేను చీలితే పటంలో ఏమీ కనిపించదు. వాటిని చేత్తో గీయాలి. అలాగే పోయిన ప్రతి టన్నూ నదికి చేరదు. పైన చెప్పిన 1983 అంచనాలోనే కదిలిన మట్టిలో 61 శాతం ఇంకో చోట నేల మీదే పడుతుందని, 10 శాతం జలాశయాల్లో, 29 శాతం సముద్రంలో కలుస్తుందని ఉంది. మన దగ్గర ఒక చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండేలా కట్టిన గొలుసు చెరువులు చాలా మట్టిని మధ్యలోనే పట్టేస్తాయి. నాగార్జునసాగర్ 408 టీఎంసీల నుంచి 312కు, శ్రీశైలం 308 నుంచి దాదాపు 216కు తగ్గాయంటే ఆ పూడిక మహారాష్ట్ర, కర్ణాటక నుంచి కూడా వచ్చింది. దాన్ని చూపించి చందంపేట రైతును దోషిని చేయకండి. అతని చెల్కలో మట్టి మిగలాలి, అతనికి చెప్పాల్సిన కారణం అదే.

నడక

పటం అచ్చువేసుకొని, ఎగువ మిట్ట నుంచి కిందికి నడవండి. వాగు నుంచి పైకి నడిస్తే కళ్లు నీళ్లున్న చోటే తిరుగుతాయి. రంగు మారిన ప్రతి చోటా ఆగి కొన్ని గుర్తులు చూడండి. గెట్టుకు ఎగువన మట్టి పేరుకొని, దిగువన నేల మెట్టులా దిగిపోయిందా? ఆ తేడాను టేపుతో కొలవండి. గెట్టు ఎన్నేళ్లదో అడిగితే ఏడాదికి ఎంత దిగిందో తెలుస్తుంది. వేప, తుమ్మ చెట్ల వేర్లు బయటపడ్డాయా? గులకరాళ్లు చిన్న మట్టి పీటల మీద నిలబడ్డాయా? వాన వెలిసిన మర్నాడైతే నీరు కోసిన పాయల్ని కొలవండి. 10 సెంటీమీటర్ల వెడల్పు, 5 లోతు, 20 మీటర్ల పొడవున్న ఒక్క పాయ 150 కిలోల మట్టి తీసుకుపోయినట్టు. ఎకరంలో అలాంటివి పది ఉంటే ఒక్క వానకు టన్నున్నర.

అడిగే ప్రశ్న కూడా సరిగ్గా ఉండాలి. "మీ పొలంలో మట్టి కోత ఉందా?" అంటే లేదనే చెబుతారు, ఎవరు మాత్రం తమ భూమిని తక్కువ చేసుకుంటారు. "తాతా, నువ్వు చిన్నప్పుడు ఈడ నాగలికి రాయి తాకేదా?" అని అడగండి. "ఈ గెట్టు ఎన్నడన్న తెగిందా? ఎటు దిక్కు తెగింది?" అనండి. "యాడ తెగలేదు బిడ్డా, ఆ మోరీ ఏసినంక ప్రతి ఏడు తెగుతనే ఉంది" అనే జవాబు వస్తే మీ పటంలో లేని కారణం దొరికినట్టే. దేశంలో ఎన్ని ఆనకట్టలకు, కాలువలకు పాలమూరు కూలీలు మట్టి మోశారో లెక్క లేదు. మట్టి ఎటు జారుతుందో, ఏ కట్ట ఆగదో ఆ చేతులకు తెలుసు. ఆ మనుషుల్ని కూలి లెక్కకే పిలిచి, పటం గీసేటప్పుడు పక్కన పెట్టడం మన వాటర్‌షెడ్ పనుల్లో పాత జాడ్యం.

వాలుకు అడ్డంగా దున్నండి అని ప్రతి కరపత్రంలో రాస్తారు. ఎందుకు దున్నరో రాయరు. చాలా చోట్ల అన్నదమ్ముల పంపకంలో చెల్కను పైనుంచి కిందికి పట్టీలుగా కోశారు. మంచి పల్లం, చెడ్డ మెట్ట అందరికీ సమానంగా రావాలన్న న్యాయం అది. ఫలితంగా ఒక్కొక్కరి భూమి సన్నగా, వాలు వెంట పొడవుగా ఉంటుంది. అడ్డంగా దున్నాలంటే ట్రాక్టర్ నిమిషానికోసారి మలుపుకోవాలి. కిరాయి గంటల లెక్క, మలుపులు పెరిగితే డబ్బు పెరుగుతుంది. రైతు తెలివితక్కువతనం ఇందులో ఏమీ లేదు. పి విలువ మారాలంటే ముందు పాలోళ్ల మధ్య మాట కుదరాలి. నాలుగైదు పట్టీలు కలిపి ఒకేసారి అడ్డంగా దున్నించి, కిరాయి విస్తీర్ణాన్ని బట్టి పంచుకోవాలి. ఆ ఒప్పందం కుదిరే చోటును పటంలో ఒక గుర్తుతో పెట్టుకోండి. ఎరుపు కొంచెం తక్కువైనా అక్కడే మొదలుపెట్టడం మేలు. ఒప్పందం కుదరని ముదురు ఎరుపు చెల్కలో కట్టిన గట్టు రెండో ఏడు నాగలి కిందికి పోతుంది.

ఒప్పందం ఆలస్యమైతే ఒక్క రైతు ఒంటరిగా చేయగల పనులు లేకపోలేదు. నాలుగైదు సాళ్లకొకటి గొడ్డు చాలు తీయడం ఎర్ర నేలలకు మెట్ట వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెబుతున్నదే, ఖర్చు పెద్దగా లేదు. పత్తిలో కంది సాళ్లు వేయడం ఇక్కడి వాళ్లకు కొత్త కాదు. గెట్ల మీద గ్లైరిసిడియా పెట్టి కొమ్మలు నరికి చేలో పరిస్తే సి తగ్గుతుంది, నేలలో సేంద్రియం పెరుగుతుంది. కొంచెం కొంచెంగా కె కూడా మెరుగవుతుంది, మీ చేతిలో లేదనుకున్న అంకెల్లో ఒకటి అది.

పటాన్ని గ్రామసభలో పెట్టేటప్పుడు టన్నుల అంకెలు చెప్పకండి. ఈ పద్ధతి ఇచ్చే అంకె కంటే ఇచ్చే వరుస నమ్మదగినది. ఈ చెల్క ఆ చెల్క కంటే ముందు అని గట్టిగా చెప్పగలం, ఇక్కడ సరిగ్గా 9.8 టన్నులు పోతోందని ప్రమాణం చేయలేం. రైతు పేర్లు కూడా రాయకండి. ఎర్ర రంగులో పడ్డ భూమికి రేపు ధర తగ్గుతుందని, బ్యాంకు అప్పుకు అడ్డం వస్తుందని భయం పుడితే ఆ రైతు మిమ్మల్ని మళ్లీ చేలో అడుగు పెట్టనివ్వడు. గుట్ట కింద చెల్క, మోరీ పక్క దుబ్బ, ఎగువ కుంట వెనక పడావు అని ఊరు పిలిచే పేర్లతో చూపించండి. అభ్యంతరాలను అక్కడికక్కడే పెన్సిల్‌తో పటం మీద రాయండి.

వచ్చే జూన్‌లో మొదటి గట్టి వాన వెలిసిన మర్నాడు ఆ పెన్సిల్ గీతలున్న పటంతోనే మళ్లీ నడవండి. పాయలు కోసిన చోట్లు మీ ఎరుపుతో కలిశాయా, లేక పచ్చని చోట కోసి ఎర్రని చోట వదిలేశాయా చూసుకోండి. కలవని చోట ముందు సి తారీఖు, తర్వాత రోడ్డు మోరీలు, ఆ తర్వాత కె సరిచూడండి. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లందిన ఊళ్లలో ఆముదం చెల్క వరి మడిగా మారి ఉంటుంది. దాన్ని పాత రంగులోనే ఉంచితే ఆ ఏడు పైసలు అవసరం లేని చోటికి పోతాయి.